ఇంకా 9 నిమిషాలు

“ఇంకా ఎంతసేపు నాన్నా?” అని వాడు అడిగితే ఫోన్‌లో టైమర్ చూశాను. ఇంకా 9 నిమిషాలు.

కుళాయి కింద వాడి పిక్క, నా చేతిలో అరిగిపోయిన సబ్బు ముక్క. ఆటలో కుక్కపిల్ల పన్ను గీసుకుంది, అంతే. రెండు సన్నటి గీతలు, ఒకదాని మీద రక్తపు చుక్క. 15 నిమిషాలు కడగాలని చదవడమే గానీ, అదెంత పొడుగో ఇవాళే తెలిసింది.

తర్వాత రేబిస్ టీకా. రక్తం వచ్చింది కాబట్టి గాయంలోనే ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల మందు) కూడా ఇచ్చారు. వాడు ఏడవలేదు, చెమటలు పట్టింది నాకే. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకని జబ్బు మరి!

బయట కూర్చుంటే ఒకటే ఆలోచన. మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల నుంచే. 2030 నాటికి ఈ చావులు సున్నా కావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టుకున్న లక్ష్యం. అందుకే చాలా దేశాల ప్రణాళికల్లో అదే మాట: కనీసం 70 శాతం కుక్కలకు టీకా వేయాలి, అప్పుడే వాటి మధ్య వైరస్ పాకడం ఆగుతుంది. బాగానే ఉంది. మొత్తం ఎన్ని కుక్కలున్నాయో తెలియని చోట 70 శాతం అంటే ఎన్ని? మూడు నెలలు నిండని కుక్కపిల్లలకూ వేయాలి. వాటినే ఎక్కువగా వదిలేస్తుంటారు. పిల్లలు ఎత్తుకుని ఆడేదేమో వాటితోనే.

తిరిగొచ్చేసరికి ఆ కుక్కపిల్ల గేటు దగ్గరే ఉంది, తోక ఊపుకుంటూ.

మూడో రోజు డోసు సంగతి క్యాలెండర్‌లో వాడే రాసుకున్నాడు. పక్కన కుక్క బొమ్మ కూడా వేశాడు.