బండి కొనేముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి

ఇక్కడికి పనికి వచ్చిన రెండో నెలలో సెకండ్ హ్యాండ్ బండి కొన్నాను, 125 సీసీది. నాది ఆఫీసు బిల్డింగుల్లో క్లీనింగ్ పని, షిఫ్ట్ తెల్లవారుజామున 4 గంటలకు మొదలవుతుంది, ఆ టైంకి బస్సులు ఉండవు. మొదటి నెలంతా తోటివాళ్ల బండి వెనక కూర్చుని వెళ్లాను, వాళ్ల షిఫ్ట్ మారిన రోజుల్లో గంటన్నర నడిచాను. అలా నడిచి నడిచి ఉన్నవాడికి బండి కనపడితే తొందరపడకుండా ఎలా ఉంటాడు?

అమ్మే ఆయన సాయంత్రం తనే బండి వేసుకుని మా బిల్డింగ్ కిందికి వచ్చాడు. దూరం నడవక్కర్లేదు కదా అని సంతోషపడ్డాను. సెల్ఫ్ నొక్కితే వెంటనే అందుకుంది. కడిగి తుడిచి మెరుస్తోంది. అప్పటికి ఇక్కడి భాషలో నాకు పాతిక ముప్పై మాటలు వచ్చేమో, నేను ఏది చూపించి అడిగినా ఆయన "ప్రాబ్లం లేదు" అన్నట్టు చెయ్యి ఊపాడు. ఒక రౌండు వేసి డబ్బులు చేతిలో పెట్టేశాను.

మర్నాడు మూడున్నరకు కిందికి దిగాను. సెల్ఫ్ తిరుగుతోంది గానీ ఇంజన్ అందుకోవట్లేదు, కాసేపటికి బ్యాటరీ కూడా నీరసపడింది. కిక్ కొట్టీ కొట్టీ చలిలో చెమట పట్టింది. చివరికి స్టార్ట్ అయితే వెనక నుంచి నీలం పొగ, గేటు దగ్గరి లైటు కూడా మసకబారేంత పొగ, కాలిన ఆయిల్ వాసన. ఆ రోజు పనికి నలభై నిమిషాలు లేటుగా వెళ్లాను, సగం రోజు జీతం కట్ చేశారు. తర్వాత రెండు వారాలకే ఆయిల్ డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే గీతల కడ్డీ) మీద కింది గీత దాటి దిగిపోయింది. ఇలాంటి చిన్న ఇంజన్లలో ఉండే ఆయిలే మొత్తం లీటరుకు అటూ ఇటూగా ఉంటుంది, అందులో పావు వంతు కాలిపోయినా తేడా పడుతుంది.

మా రూములో ఒక అన్న ఉండేవాడు, ఇక్కడికి రాకముందు పదిహేనేళ్లు బండ్ల మెకానిక్‌గా చేసినవాడు. వీక్లీ ఆఫ్ రోజున బండి పక్కన గొంతుక్కూర్చుని ఆయన అడిగిన మొదటి మాట, "కొన్నప్పుడు ఇంజన్ వేడిగా ఉందా, చల్లగా ఉందా తమ్ముడూ?"

నాకు గుర్తే లేదు. అసలు ముట్టుకుని చూడాలనే తెలియదు. కానీ బండి నడుపుకుంటూ వచ్చాడంటే వేడిగానే ఉండి ఉంటుంది కదా. వేడి ఇంజన్ ఎన్ని దాస్తుందో ఆ రోజు ఆయన ఓపిగ్గా చెప్పాడు. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలీ పెట్రోలూ నొక్కుకునే ఒత్తిడి, తగ్గిన ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మొండికేస్తుంది, ఒకసారి వేడెక్కితే మామూలుగానే అందుకుంటుంది. వీక్ బ్యాటరీ దారిలో కాస్త చార్జ్ అయి వస్తుంది కాబట్టి సెల్ఫ్ బాగానే తిరుగుతుంది. రాత్రంతా నిలబెట్టిన బండిలో వాల్వ్ సీల్స్ (వాల్వుల దగ్గర ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు ముక్కలు) అరిగిపోయి ఉంటే ఆయిల్ మెల్లగా కిందికి జారి దహన గదిలోకి చేరుతుంది, పొద్దున్నే స్టార్ట్ చేయగానే అది కాలి నీలం పొగ వస్తుంది. అమ్మేవాడి ఇంటి దగ్గరే ఆ పొగ వచ్చి పోతే మన దాకా ఏమీ మిగలదు.

అందుకే ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్లు ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది ఒక్కటే. ఇక్కడి భాషలో రెండు వాక్యాలు నేర్చుకుని వెళ్లండి: "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి", "బండి మీ ఇంటి దగ్గరే చూస్తాను". వెళ్లగానే, పలకరింపు అయిన వెంటనే, ఇంజన్ మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే సైలెన్సర్ జోలికి పోకండి, చెయ్యి కాలుతుంది, కూర్చుని ఆగండి. మిగతా ప్రశ్నలకు భాష అక్కర్లేదు, బండినే అడగొచ్చు.

పొగ విషయం కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఖర్చు ఎంతవుతుందో తేల్చేది అదే. చలిలో స్టార్ట్ చేసినప్పుడు తెల్లటి ఆవిరి వచ్చి ఒకటి రెండు నిమిషాల్లో పోతే భయం లేదు, అది సైలెన్సర్‌లో పట్టిన తేమ. నల్ల పొగ అంటే పెట్రోల్ ఎక్కువ పోతోంది, ఎయిర్ ఫిల్టరో కార్బురేటరో చూసుకుంటే చాలావరకు సరిపోతుంది. నీలం పొగ దగ్గర ఆగి చూడాలి. స్టార్ట్ చేయగానే గుప్పున వచ్చి తగ్గిపోయిందంటే వాల్వ్ సీల్స్ మీద అనుమానం. ఇంజన్ వేడెక్కాక కూడా రేజ్ చేసినప్పుడల్లా వస్తూనే ఉంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, పిస్టన్ కదిలే బోర్ అరిగాయని అర్థం, ఇంజన్ విప్పాల్సిందే. నా బండిది ఆ రెండోదే. బోర్ చేయించి పిస్టన్, రింగులు మార్చడానికి నెల జీతంలో పెద్ద ముక్కే పోయింది, ఆ నెల ఇంటికి పంపాల్సింది సగమే పంపాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ బాధగానే ఉంది.

కిక్ ఉన్న బండి అయితే ఇంకో పని చేయొచ్చు. తాళం ఆఫ్‌లో ఉంచి కిక్‌ని కాలితో కాదు, చేత్తో మెల్లగా నొక్కండి. ఒక చోట గట్టిగా అడ్డుపడాలి, నొక్కి పట్టుకుంటే కాసేపు నిలవాలి. మెత్తగా జారిపోతుంటే కంప్రెషన్ పోతోందని తెలుస్తుంది. మెకానిక్‌లు గేజ్ పెట్టి చూస్తారు, రీడింగ్ తక్కువ వస్తే ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. అప్పుడు రీడింగ్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు.

శబ్దం గురించి చాలామంది పొరబడేది ఒకటుంది. పైనుంచి టిక్ టిక్‌మని టాపెట్ (వాల్వులను కదిలించే భాగం) సౌండ్ వస్తే బండి పాడైపోయిందని వదిలేస్తారు. అది చాలావరకు సెట్టింగ్ పని, అరగంటలో అయిపోతుంది. అసలు సౌండే లేకుండా టాపెట్లు బిగుతుగా ఉంటేనే ఎక్కువ నష్టం, వాల్వ్ పూర్తిగా మూసుకోక కంప్రెషన్ లీకై మెల్లగా కాలిపోతుంది. ఐడ్లింగ్‌లో ఇంజన్ పక్క నుంచి గొలుసు కదిలినట్టు గరగరమంటే వాల్వులను నడిపే టైమింగ్ చైన్ సాగిందో, దాన్ని బిగించి ఉంచే టెన్షనర్ పోయిందో చూడాలి. వాల్వులను కడ్డీలతో తెరిచే హోండా సీజీ125 లాంటి పుష్‌రాడ్ ఇంజన్లలో ఆ చైనే ఉండదు కాబట్టి అక్కడ ఈ అనుమానం అక్కర్లేదు. కింది నుంచి, లోడ్ మీద ఎక్కువయ్యేలా బరువుగా దబ్ దబ్‌మంటే మాత్రం బేరం ఆడకుండా వచ్చేయండి, కనెక్టింగ్ రాడ్ బేరింగ్ అయి ఉండొచ్చు. అన్న నాకు పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజన్ మీద ఆనించి పిడిని చెవి పక్క ఎముకకు పెట్టుకోవడం నేర్పాడు. శబ్దం ఎక్కడ పుడుతోందో వేలు పెట్టి చూపించినట్టు తెలుస్తుంది.

డిప్‌స్టిక్ తీసి ఆయిల్‌ను రెండు వేళ్ల మధ్య రుద్ది వెలుతురులో చూడండి. మెరిసే రవ్వలు కనిపిస్తే లోపల లోహం అరుగుతోంది. బండంతా మురికిగా ఉండి ఆయిల్ మాత్రం తేనె రంగులో కొత్తగా ఉంటే ఎందుకు మార్చారో అడగాలి, శబ్దం అణగడానికి చిక్కటి ఆయిల్ పోసేవాళ్లూ ఉంటారు.

లైసెన్స్, ఇన్సూరెన్స్ సరిగ్గా ఉంటే టెస్ట్ రైడ్ తప్పకుండా చేయండి. రెండో గేరులో బాగా లాగి, యాక్సిలరేటర్ ఒక్కసారి వదిలి, మళ్లీ లాగండి. గేరు తన్నుకుని బయటికి వస్తే లోపల గేరు పళ్లో, గేర్లను జరిపే ఫోర్కో అరిగినట్టు, ఇంజన్ రెండు ముక్కలుగా విప్పాలి. టాప్ గేరులో తక్కువ స్పీడ్ నుంచి లాగితే ఇంజన్ అరుపు పెరిగి స్పీడ్ పెరగకపోతే క్లచ్ ప్లేట్లు, అది పెద్ద ఖర్చు కాదు. తర్వాత సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్‌ను రెండు వేళ్లతో మెల్లగా తిప్పండి. సరిగ్గా మధ్యలో టక్కున ఆగినట్టు ఉంటే హ్యాండిల్ మెడలో ఉండే బేరింగులు, అంటే కోన్‌సెట్ పోయింది. హ్యాండిల్ మెడ కింద చాసిస్ మీద పెయింట్ ముడతలు పడినా, అక్కడ మాత్రమే కొత్తగా కొట్టినా, ఆ బండి ఎక్కడో గట్టిగా గుద్దుకుని ఉండొచ్చు. చైన్ స్ప్రాకెట్ పళ్లు కొక్కెంలా వంగాయా, టైరు మీద నాలుగు అంకెల్లో ఏ వారం, ఏ ఏడాది ఉంది (2319 అంటే 2019లో 23వ వారం), చాసిస్ నంబరు కాగితాల్లో ఉన్నదేనా, ఇవి నిమిషాల పని.

మొన్నామధ్య డెలివరీ పనికి కొత్తగా వచ్చిన తమ్ముడితో బండి చూడటానికి వెళ్లాను. ఇంజన్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. "ఇప్పుడే పక్కకు తీశాను" అన్నాడు అమ్మే ఆయన. పర్లేదు, ఆగుతాం అని మెట్ల మీద రెండు గంటలు కూర్చున్నాం. పొద్దు గడిచేకొద్దీ తమ్ముడికి టెన్షన్, "ఇంకెవరైనా కొనేసుకుంటారేమో అన్నా" అని నా చెయ్యి లాగుతున్నాడు. నాకు అర్థమైంది, వారం తిరిగేలోగా బండి లేకపోతే వాడికి పని లేదు. చల్లారాక స్టార్ట్ చేస్తే పొగ లేదు, శబ్దం లేదు. కానీ రెండో గేరు తన్నేసింది. వాడు ఒక్క మాట మాట్లాడకుండా బస్ స్టాప్ దాకా నడిచాడు.

నాలుగు రోజుల తర్వాత చూసిన బండికి రంగు వెలిసిపోయింది, సీటు చిరిగింది, ట్యాంకు మీద మంచు తడి అలాగే ఉంది. ఇంజన్ చేతికి చల్లగా తగిలింది. రెండో కిక్‌కే అందుకుంది. చైన్ సెట్, కోన్‌సెట్ మార్చాలని చూపించి ఆ మేరకు తగ్గించమంటే ఆయన ఒప్పుకున్నాడు. నిన్న తమ్ముడు డిప్‌స్టిక్ ఫోటో పంపాడు, కొన్నాక 1,500 కిలోమీటర్లు తిరిగిందట, ఆయిల్ ఇంకా పై గీత దగ్గరే ఉంది.