మరియన్ డ్రాగులెస్కు: నలభయ్యవ ఏటా వాల్ట్ మీదే

రొమేనియా రాజధాని బుకారెస్టులో 1980లో పుట్టిన జిమ్నాస్ట్ మరియన్ డ్రాగులెస్కు పేరు వినగానే నాకు ముందుగా గుర్తుకొచ్చేది 2001 నుంచి 2009 వరకు ఫ్లోర్ (నేలపై చేసే విన్యాసాలు), వాల్ట్ (పరుగెత్తుకొచ్చి బల్లపై చేతులు ఆనించి గాల్లోకి ఎగిరి చేసే విన్యాసం) విభాగాల్లో ఆయన గెలిచిన 8 ప్రపంచ స్వర్ణాలు కాదు, ఒలింపిక్ స్వర్ణం ఆయనకు ఎంత దగ్గరగా వచ్చి చేజారిందన్నదే. 2004 ఏథెన్స్ వాల్ట్ ఫైనల్లో తొలి ప్రయత్నానికి 9.900 సాధించిన ఆయన, రెండో ప్రయత్నంలో నేలపై దిగేటప్పుడు తడబడి కాంస్యంతో సరిపెట్టుకున్నారు. ఫ్లోర్‌లో మాత్రం రజతం దక్కింది.

ముందుకు రెండు పల్టీలు కొట్టి, రెండో పల్టీలో అర చుట్టు తిరిగి దిగే వాల్ట్‌కు ఆయన పేరే స్థిరపడింది. దిగబోయే చోటు చివరి క్షణం దాకా సరిగా కనబడని ఆ విన్యాసాన్ని ఏళ్ల తరబడి చేయడం నా దృష్టిలో పతకాలకన్నా గొప్ప విషయం. 2016 రియోలో జపాన్ క్రీడాకారుడు షిరాయ్ కెంజోతో సమానంగా 15.449 పాయింట్లు సాధించినా, టై బ్రేక్ నిబంధన వల్ల కాంస్యం షిరాయ్‌కే దక్కింది. అయినా 2021లో, నలభై ఏళ్ల వయసులో, ఆయన టోక్యో ఒలింపిక్స్ వాల్ట్ బరిలో దిగారు.