కుడి బాక్సు సంగతి

మళ్ళీ డెక్కే, అదే మా ఇంట్లో పాటలు వినే పాత సెట్టు. నవ్వుకోండి. సంక్రాంతికి సీడీ ట్రే ఇరుక్కుపోయిందని రెండు పేజీలు రాసినప్పుడే ఇంక దాని ఊసెత్తనన్నాను, గుర్తుంది. కానీ రాత్రి పదకొండున్నర అవుతోంది, ఈయన గురక అందుకున్నారు, నాకేమో పంట్లో జొన్నపొట్టు ఇరుక్కున్నట్టుంది. రాస్తే గానీ పోయేలా లేదు.

పోయిన ఆదివారం మరిది వచ్చాడు. వచ్చినవాడు ఇంత తిని, వాళ్ళమ్మ దగ్గర కాసేపు కూర్చుని పోవచ్చు కదా. లేదు, డెక్కు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ముందు నేను అల్లిన కవరు తీసి సోఫా మీదికి విసిరాడు. “వదినా, దీన్ని ఊపిరి తీస్కోనిస్తలేవు. పైన బెజ్జాలన్ని మూసినంక లోపట ఉడికిపోదా?” అన్నాడు. మాట నిజమే. పెద్ద సౌండు పెట్టి గంటసేపు వింటే డెక్కు పైభాగం ఇస్త్రీ పెట్టెలా కాలుతుంది, ఆ వేడి ఆ బెజ్జాల్లోంచే పోవాలి. కానీ పాట పెట్టే ముందు కవరు తీసేదాన్ని నేనే. తీయకుండా పెట్టేది ఈయన. పైగా దాని నెత్తిన కరెంటు బిల్లులు, కళ్ళజోడు, ఒక్కోసారి చాయ్ గ్లాసు. అవి ఎవరికీ కనబడవు, నా కవరు ఒక్కటే కనబడుతుంది.

తరవాత మెడికల్ షాపుకి పోయి స్పిరిట్ తెచ్చాడు. చెవుల్లో పెట్టుకునే దూది పుల్లని అందులో ముంచి, టేపులోని పాటని చదివే క్యాసెట్ హెడ్డు తుడిచాడు. పుల్ల గోధుమ రంగుకి తిరిగింది. “ఎంత మట్టి చూడుండ్రి” అని ఇల్లంతా తిప్పి చూపించాడు. అది మట్టి కాదు. టేపు మీద ఉండే ఐరన్ ఆక్సైడ్ పూత. సెకనుకి 4.76 సెంటీమీటర్ల చొప్పున టేపు హెడ్డుని రాసుకుంటూ పోతుంటే కొంత రాలుతుంది. నెలకోసారి నేనే తుడుస్తాను. ఈ నెల తుడవలేదు, ఒప్పుకుంటాను. కానీ టేపుని లాగే రబ్బరు రోలరుని వాడు ముట్టుకోనే లేదు. హెడ్డు తళతళలాడితే చాలు వాడికి. టేపు మెలిక పడి రోలరుకి చుట్టుకునేది ఆ రోలరు మీది జిడ్డు వల్లే. దానికి స్పిరిట్ పెట్టకూడదు, రబ్బరు ఎండిపోయి గట్టిపడుతుంది, తడిగుడ్డ చాలు. రెండో క్యాసెట్ పెట్టే అర ఎట్లాగూ పోయింది. లోపలి బెల్టు కరిగి తారులా అయింది, ముట్టుకుంటే వేళ్ళకి అంటుకుని మూడు రోజులు పోలేదు.

ఆఖరికి లేస్తూ లేస్తూ అన్నాడు. “ఇంకెన్నాళ్ళు వదినా దీనితోని? పాత సామాన్లోనికి ఏస్తే మూడొందలన్న ఇస్తడు. నేను బ్లూటూత్ బాక్సు పంపిస్త.”

మూడొందలంట! 2002లో కోఠి గుజరాతీ గల్లీలో పదకొండున్నర వేలకి కొన్నాం. బస్సులో డెక్కు ఈయన కాళ్ళ దగ్గర, ఎడమ స్పీకరు బాక్సు పైన, కుడి బాక్సు నా ఒళ్ళో. వంద కిలోమీటర్లు. నల్లగొండ బస్టాండులో దిగేసరికి తొడలు మొద్దుబారి నడవలేకపోయాను. అట్టపెట్టె మీద పీఎంపీఓ అని, అంటే సౌండు బలాన్ని గొప్పగా చెప్పుకునే లెక్క, వేలల్లో వాట్లు అచ్చేసి ఉంటే చూసి మామయ్య, మీటరు కాలిపోతదేమో బిడ్డా అన్నారు. డెక్కు వెనక స్టిక్కరు మీద చిన్నక్షరాల్లో చూస్తే, అది తీసుకునే కరెంటే 90 వాట్లు. లోపలికి తొంభై పోతే బయటికి వేలెట్లా వస్తాయో ఆ కంపెనీవాళ్ళకే తెలియాలి.

సరే, కుడి బాక్సు. ఆ సాయంత్రం మరిది పోయాక ఎఫ్ఎం పెట్టాను. విన్న మరుక్షణమే ఏదో తేడా అనిపించింది. పాట పల్చగా ఉంది. డప్పు మోగుతోంది గానీ దెబ్బ తగలడం లేదు. పాడేవాళ్ళ గొంతు రెండు బాక్సుల నడుమ నిలబడి పాడినట్టు రావాలి కదా, అదెక్కడో వెనకింట్లోంచి వస్తున్నట్టుంది. బేస్ బటన్ నొక్కినా అంతే. ఈయన్ని పిలిచి వినమన్నాను. “మంచిగనే ఉంది గదా” అన్నారు, ఫోన్లోంచి తల ఎత్తకుండానే. పిల్లనడిగితే, “అమ్మా, ఒకసారి చెవులు చూపించుకో” అంది. యాభై దాటితే ఇంట్లో మన అవయవాలన్నీ అనుమానాస్పదమే.

నాకు మాత్రం అనుమానం లేదు. ఫోన్ పెట్టి పాటలు వినిపిస్తానని, ఆక్స్ వైరు గుచ్చడానికి వాడు డెక్కు వెనక చెయ్యి పెట్టాడు. అప్పుడే ఏదో కెలికాడు. వారమంతా అదే ధ్యాస. బీరకాయ తరుగుతున్నా అదే, బస్సులో కూర్చున్నా అదే.

ఈ ఇంట్లో నాకు కనబడింది ఎవరూ నమ్మకపోవడం మొదటిసారి కాదు. 2004లో టీవీ మూల ఊదా రంగుకి తిరిగినప్పుడూ ఇంతే. అప్పుడు 21 అంగుళాల డబ్బా టీవీ. వార్తలు చదివే ఆమె కుడి చెంప మీద ఊదా మచ్చ ఉందన్నాను. ఆమె పూసుకున్న పౌడరేమో అన్నారు ఈయన. రెండు రోజులకి సీరియల్లో అత్తగారి చెంపకీ వచ్చింది, క్రికెట్‌లో గ్రౌండు మూలకీ వచ్చింది. అప్పుడు నమ్మారు. రామగిరి నుంచి మెకానిక్ వచ్చాడు. గుండ్రటి తీగ చుట్ట ఒకటి తెచ్చి టీవీ ముందు దిష్టి తీసినట్టు తిప్పాడు, మచ్చ పోయింది. నూటయాభై. రాత్రి తొమ్మిదింటికి మళ్ళీ వచ్చింది. మర్నాడు మళ్ళీ పిలిచాం, మళ్ళీ తిప్పాడు, మళ్ళీ నూటయాభై. మూడోసారికి పిక్చర్ ట్యూబే పోయింది, ఆరు వేలవుతుందన్నాడు.

మామయ్య రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. పైన అద్దెకుండే పాలిటెక్నిక్ పిల్లవాడు పాల ప్యాకెట్టు ఇవ్వడానికి వచ్చి, టీవీనీ పక్కనే ఉన్న కుడి బాక్సునీ మార్చి మార్చి చూసి, ఏమీ మాట్లాడకుండా బాక్సుని జానెడు పక్కకి జరిపాడు. మచ్చ సగమైంది. ఇంకో జానెడు జరిపాడు. ఇంచుమించు పోయింది. బాక్సులో ఉండే అయస్కాంతం టీవీ ట్యూబులోని ఎలక్ట్రాన్లను పక్కకి లాగుతోందట. మిగిలిన కాస్త మరకకి టీవీ కట్టేసి, అరగంట చల్లారనిచ్చి, మళ్ళీ పెట్టండన్నాడు. పెట్టగానే టీవీ ‘గుంయ్’ మంటుంది చూడండి, అది లోపలి చుట్ట తనంతట తానే శుభ్రం చేసుకోవడమట. రెండు మూడుసార్లకి పూర్తిగా పోయింది.

ఆ తరవాత వారం రోజులు మామయ్యకి అదే పని. ఇంటికి ఎవరొచ్చినా కూర్చోబెట్టి, బాక్సుని రెండు చేతులా ఎత్తుకుని, హారతి ఇచ్చినట్టు టీవీ దగ్గరికి తెచ్చేవారు. మచ్చ వచ్చేది. వెనక్కి తీసేవారు. “చూసిన్రా?” అనేవారు. పాలాయనకి చూపించారు, మీటరు రీడింగుకి వచ్చినాయనకి చూపించారు. టీవీ పాడైపోతుందని నేను లోపల మొత్తుకుంటున్నా ఆపలేదు. మొదట మచ్చ చూసింది నేనని ఒక్కసారి కూడా చెప్పలేదు. ఇప్పుడది గుర్తొచ్చి కోపం రావాలి గానీ, ఆ ఎత్తుకున్న తీరు తలుచుకుంటే నవ్వే వస్తోంది. పోనీలెండి.

ఇవ్వాళ సెలవు. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక గోడ గడియారంలోంచి పెన్సిల్ సెల్లు తీశాను. బాక్సుల ముందు జాలీలు ఊడదీసి, ముందుగా డెక్కు వెనక వైర్లకి టార్చ్ వేసి ఒక ఫోటో తీసుకున్నాను, తిరిగి పెట్టేటప్పుడు తికమక పడకుండా. నిజం చెప్పాలంటే మరిదికి పంపడానికి, సాక్ష్యంగా. తరవాత వైర్లు ఊడదీసి, ఎర్ర క్లిప్పులో ఉన్న తీగ సెల్లు పైబొడిపెకీ నల్ల క్లిప్పులోది అడుక్కీ ఒక్క క్షణం ఆనించాను. అంతకన్నా ఎక్కువ పట్టుకోకూడదు. ఎడమ బాక్సు కోన్, అదే శబ్దం పుట్టించే గరాటు లాంటి అట్ట, ‘టక్’మని ముందుకి వచ్చింది. కుడిది లోపలికి పోయింది.

అదీ సంగతి. కుడి బాక్సుకి ఎరుపూ నలుపూ తారుమారు. ఒకటి గాలిని ముందుకి నెడుతుంటే రెండోది వెనక్కి గుంజుతోంది. డప్పు లాంటి లోతు శబ్దాలు రెండూ కొట్టుకుని మాయమైపోతాయి. సెట్టుకేం కాదు, కాలిపోదు, బేస్ చస్తుంది, అంతే. ఈ వైరుతో వచ్చిన తంటా ఏమిటంటే, అసలు వైరుని ఎలుకలు కొరికాక తెచ్చిన తెల్ల వైరులో రెండు తీగలూ ఒక్కలాగే ఉంటాయి. ఒకదాని మీద సన్నటి గీత ఎత్తుగా ఉంటుంది, గోరుతో తడిమితేనే తెలుస్తుంది. తిప్పి పెట్టాను. పాట పెట్టాను. డప్పు ఛాతీకి తగిలింది.

వెంటనే ఫోన్ చేసి మరిదిని కడిగేశాను. నువ్వు చెయ్యి పెట్టినంక ఏది సక్కగుంటది అన్నాను. తెలియనిదాంట్లో వేలెందుకు పెట్టాలె అన్నాను. మూడొందల సంగతి కూడా ఎత్తాను. వాడు ఎదురు మాట్లాడలేదు. “ఆ వైర్లు ముట్టుకున్నట్టు యాదికి లేదు వదినా. అయ్యుంటది, తప్పైంది” అన్నాడు.

అక్కడితో అయిపోతే ఇది రాసేదాన్నే కాదు.

రాత్రి అంట్లు సర్దాక, ఆ ఫోటో వాడికి పంపుదామని తెరిచాను. ఎక్కడ తప్పో ఎర్ర గుండ్రం గీసి పంపుదామని వేళ్ళతో పెద్దది చేశాను. కుడివైపు క్లిప్పు మీద ఒక పసుపు చుక్క. దసరాకి మా ముందు గదికి వేయించిన డిస్టెంపర్. సగం క్లిప్పు మీద, సగం తీగ మీద, రెంటినీ కలిపి ఎండిపోయి ఉంది. ఎక్కడా చీలలేదు. పెయింటర్ రెండో కోటు వేసిన రోజు నుంచి ఆ తీగని ఎవరూ కదపలేదన్నమాట. ఇవ్వాళ నేను ఊడదీసేదాకా.

మొదటి కోటు ఆరకముందే అత్తమ్మకి రేడియో కావాలంటే, ఫోన్ టార్చ్ నోట్లో కరుచుకుని ఆ వైర్లు బిగించింది నేనే. ఈయన నిచ్చెన పట్టుకున్నారు, మరిది అసలు ఊళ్ళోనే లేడు.

అంటే దసరా నుంచి ఈ ఎండాకాలం దాకా, ఆరు నెలలు, నేను వింటున్నది ఈ పల్చటి పాటే. రోజూ విన్నాను. బాగుందనుకున్నాను. తలుపులు వేసుకుని ఏడ్చిన రోజులు కూడా ఉన్నాయి ఆ పాటలకి. మరి ఆదివారం సాయంత్రం ‘విన్న మరుక్షణమే’ తేడా తెలిసిందన్న ఆ చెవులెవరివి? పైన రాసింది కొట్టేద్దామనుకున్నాను. ఉంచేస్తున్నాను. వాడు కవరు విసిరినప్పుడు పుట్టిన తేడానే చెవికి వినబడిందేమో. కానీ తేడా నిజంగానే ఉంది కదా, సెల్లు చూపించింది కదా! ఇదేం లెక్కో నాకర్థం కావడం లేదు.

ఇంకోటి. సాయంత్రం అత్తమ్మకి మీడియం వేవ్‌లో 738, అంటే ఆకాశవాణి హైదరాబాద్, పెట్టి ఇచ్చాను. ఎల్ఈడీ బల్బు ఆపితే గానీ ఆ గర్రుమనే చప్పుడు పోదు, అందుకని చీకట్లోనే వింటుంది. కాసేపు విని, “మొన్నటిదాక మంచిగుండె బిడ్డా. ఇప్పుడేందో బిందెల తలపెట్టి మాట్లాడినట్టుంది” అంది. బేస్ తగ్గించి ఇచ్చాను. అప్పుడు ఊరుకుంది.

సెల్లు మళ్ళీ గడియారంలో పెట్టాను గానీ టైము సరిచేయలేదు, గంటంపావు వెనక నడుస్తోంది. ఇది టైపు చేస్తుంటేనే మరిది మెసేజ్ వచ్చింది. “సౌండ్ మంచిగైందా వదినా?”

మంచిగైందని పెట్టాను. పసుపు చుక్క సంగతి రాసి, చెరిపేసి, మళ్ళీ రాసి, చెరిపేశాను. ఆదివారం రమ్మన్నాను, తపాలచెక్క చేస్తానన్నాను. “సరే, మళ్ల నీ డెక్కు ముట్టుకోను తియ్” అని నవ్వే బొమ్మ పెట్టాడు.