ఏ పెట్రోస్యాన్ దగ్గరికి?

ఆర్మేనియా రాజధాని ఎరెవాన్‌లో టాక్సీ ఎక్కి "పెట్రోస్యాన్" అన్నాను, అంతే. నేను వెళ్లాల్సింది ఖంజ్యాన్ వీధిలోని చెస్ హౌస్‌కి. చెస్ మాజీ ప్రపంచ ఛాంపియన్ టిగ్రాన్ పెట్రోస్యాన్ పేరు పెట్టారు దానికి. డ్రైవరు పెద్దాయన తలూపి బండి పోనిచ్చాడు. హ్రజ్దాన్ లోయ మీది వంతెన దాటాక టెన్షన్ మొదలైంది. దిగి చూస్తే దవ్తాషెన్ పేటలో టిగ్రాన్ పెట్రోస్యాన్ వీధి! ఆయన తప్పేం లేదు, సరిగ్గా చెప్పంది నేనే.

"వచ్చారుగా, విగ్రహం చూడండి" అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో. 2006లో పెట్టారట. ఫొటో తీసుకుని వచ్చేసరికి ఆయన కారు డిక్కీ మీది దుమ్ములో వేలితో ఏదో రాస్తున్నాడు. "పెట్రోస్" అని రాసి, ఒక గీత గీసి, పక్కన మూడక్షరాలు చేర్చాడు: "యాన్". పెట్రోస్ అంటే మన పేతురే. యాన్ అంటే ఆ మనిషి సంతతి. ఖచతూర్ వంశంవాళ్లు ఖచత్ర్యాన్‌లు, సర్గిస్ వంశంవాళ్లు సర్గ్‌స్యాన్‌లు. అలాగని పెట్రోస్ కన్నతండ్రే కానక్కర్లేదు. టిగ్రాన్ తండ్రి పేరు వర్తాన్. పెట్రోస్ ఏ ముత్తాతకు తాతో! ముందు "టెర్" ఉంటే పూర్వీకుల్లో పూజారి ఉన్నట్టు. దేశపు మొదటి అధ్యక్షుడు లెవోన్ టెర్-పెట్రోస్యాన్ అలాంటి ఇంటివాడే.

మా ఇంటిపేరు ఒక ఊరిపేరని చెప్పాను. ఆ ఊరెలా ఉంటుందని అడిగాడు. మావాళ్లెవరూ చూసిన పాపాన పోలేదంటే పగలబడి నవ్వాడు.

తిరుగుదారిలో ఛాంపియన్ కథ చెప్పాడు. 1929లో తిబిలీసీలో పుట్టి, యుద్ధకాలంలో అమ్మానాన్నల్ని పోగొట్టుకుని, వీధులూడ్చి బతికిన కుర్రాడు 1963లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ బొత్విన్నిక్‌ని ఓడించాడు. 1984 ఆగస్టులో పోయాడు. సెప్టెంబరులో ఇంకో టిగ్రాన్ పెట్రోస్యాన్ పుట్టాడు. అతనూ గ్రాండ్‌మాస్టరే, చెస్ ఒలింపియాడ్ గెలిచిన ఆర్మేనియా జట్టులో ఆడాడు.

చెస్ హౌస్ ముందు ఆగాక 2000 ద్రాముల నోటు ఇచ్చాను. దాని మీదా పెట్రోస్యానే.

"మీకు చుట్టమా?" అన్నాను. వాళ్లమ్మ పుట్టింటివాళ్లు పెట్రోస్యాన్‌లేనని దారిలో చెప్పాడు మరి.

ఆయన నోటు మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఇలా వచ్చినప్పుడు చుట్టమే" అన్నాడు.