పూండి చెరువు గట్టు మీద ఒక ఉదయం

చెన్నైలో పుట్టి పెరిగినా పూండి చూడనేలేదు. నవంబరు వానలు కాస్త తెరిపి ఇవ్వగానే బాబాయితో కలిసి తిరువళ్లూరు మీదుగా వెళ్లాను. కొసస్థలై నది మీద 1944లో పూర్తయిన జలాశయం ఇది. దీనికోసం పట్టుబట్టిన మద్రాసు మేయర్ సత్యమూర్తి పేరే పెట్టారు. పాపం, పూర్తయ్యేనాటికి ఆయన లేరు.

గట్టు దిగువన, నీళ్లలో నిలబెట్టిన గేజి (నీటి మట్టం కొలిచే అంకెల పలక) దగ్గర ఒక లస్కరు, అంటే జలాశయం చూసుకునే ఉద్యోగి, వంగి అంకె చూస్తున్నాడు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది. మా మాటలు విని ఆయనే పలకరించాడు. గాలికి అలలు కొడుతుంటే నీటి గీత నిలవదు కదా, ఎలా చూస్తారని అడిగాను. "పైకి లేచింది, కిందికి దిగింది రెండూ చూసి మధ్యది రాస్తాం సార్. వాన కూడా కొలిచి రాస్తాం. పడకపోయినా సున్నా అని రాయాల, ఖాళీగా వదలకూడదు" అన్నాడు.

ఆ సున్నా విలువ పెద్దది. ఖాళీ గడి చూస్తే వాన పడలేదో, మనిషే రాలేదో ఎవరికీ తెలియదు. అలాంటి గడులు పదేళ్లపాటు పేరుకుంటే ఆ రికార్డును నమ్మి ఏ లెక్కా కట్టలేం.

2015 వరదలప్పుడు ఇంత వాన ఎన్నడూ చూడలేదని అందరం అనుకున్నాం. చెన్నై నుంగంబాక్కం వాతావరణ కేంద్రంలో ఆ నవంబరులో 1049 మిల్లీమీటర్లు పడింది. 1918 నవంబరులో అయితే 1088! ఆనాడు ఎవరో ఓపిగ్గా కొలిచి రాసిపెట్టారు కాబట్టే ఈ సంగతి మనకు తెలిసింది. అప్పుడే అసలు ప్రశ్న వేయగలం: మారింది వానా, చెరువులూ చిత్తడి నేలలూ పూడ్చేసిన మన ఊరా? నాలుగేళ్లు తిరక్కుండానే, 2019 వేసవిలో నగరానికి నీళ్లిచ్చే నాలుగు జలాశయాలూ దాదాపు ఎండిపోయాయి. ఆ రెండేళ్లలో ఏ ఒక్కదాన్నో చూసి చెన్నైకి ప్లాన్ వేస్తే మునగడమో, గొంతెండడమో ఖాయం.

ఇంకో సంగతి బాబాయి చెప్పారు. అడుగున పూడిక చేరుతుంది కాబట్టి గేజి అదే మట్టం చూపించినా నీళ్లు మునుపటి కంటే తక్కువే ఉండొచ్చు. అందుకే అడుగునూ మళ్లీ మళ్లీ కొలవాలి. ఇలాంటి పనికి డబ్బూ మనుషులూ తగ్గించడం నాకు అస్సలు నచ్చదు. తెగిపోయిన రికార్డును ఏ డబ్బూ వెనక్కి తేలేదు.

తిరుగు దారిలో ఊత్తుకోట దగ్గర జీరో పాయింట్ చూశాం. ఆంధ్ర నుంచి వచ్చే కృష్ణా కాలువ తమిళనాడులోకి అడుగుపెట్టే చోటు ఇది. 1983 ఒప్పందం ప్రకారం మద్రాసుకు ఏటా 12 టీఎంసీల కృష్ణా నీళ్లు రావాలి. ఆంధ్రలోని కండలేరు జలాశయంలో వదిలినవి 152 కిలోమీటర్లు కాలువలో నడిచి ఇక్కడికొస్తాయి. ఆవిరయ్యేవీ, ఇంకిపోయేవీ, దారిలో మోటార్లు పెట్టి తోడుకునేవీ పోగా మిగిలినవే మనవి. 2000ల మొదట్లో పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు కాలువ బాగుచేయించాక నీళ్లు బాగా పెరిగాయని మా ఇళ్లలో కృతజ్ఞతగా చెప్పుకుంటారు. ఎంత పెరిగాయో అంకెల్లో చూపించేది మాత్రం ఇక్కడ రోజూ రాసే రిజిస్టరే.