పుట్టెడు బియ్యంలో ఎన్ని సోలలు

మా కారు డ్యాష్‌బోర్డు మీద ఉష్ణోగ్రత ఇప్పటికీ సెల్సియస్‌లోనే కనబడుతుంది. అమెరికా వచ్చి పన్నెండేళ్లయినా ఫారెన్‌హీట్ నాకు ఒంటబట్టలేదు. జనవరిలో ఒక పొద్దున డే కేర్‌కి తీసుకెళ్తుంటే వెనక సీట్లోంచి మా అమ్మాయి అడిగింది: "నాన్నా, రెండు ముందు చిన్న గీత ఎందుకుంది?"

అప్పటికి దానికి నాలుగేళ్లు నిండి రెండు నెలలు. "సున్నా కంటే చలి ఎక్కువైంది తల్లీ. సున్నా దగ్గర్నుంచి రెండు మెట్లు కిందికి దిగాం," అన్నాను. ఇక మాట్లాడలేదు. కిటికీలోంచి చూస్తోంది, మర్చిపోయిందనుకున్నా. పార్కింగ్‌లో సీటు బెల్టు తీస్తుంటే, "అయితే మూడు మెట్లెక్కితే ఒకటి దగ్గరకొస్తాం," అంది.

దాన్ని లోపల దింపి వచ్చి కార్లో ఐదు నిమిషాలు అలాగే కూర్చున్నాను. ముందు సంతోషం, ఆ వెనకే టెన్షన్. ఇలాంటి పిల్లకి ఏం నేర్పాలి, ఎంత నేర్పాలి? మేముండేది నార్త్ కరోలినాలోని కేరీలో. ఇక్కడ శనివారం నాలుగు తెలుగు కుటుంబాలు భోజనానికి కలిస్తే పప్పుచారు వడ్డించేలోపు పిల్లల లెక్కల ప్రస్తావన వచ్చేస్తుంది. ఎవరి పిల్లాడు ఏ లెవెల్లో ఉన్నాడు, ఏ ట్యూషన్ సెంటర్ మంచిది, ఎవరిని ఒక క్లాసు ముందుకు వేశారు. అక్కడ ఈ మైనస్ రెండు సంగతి చెప్పాలని నాలుక దురద పెట్టింది. చెప్పాను కూడా. చెప్పకుండా ఉండాల్సింది.

ఎందుకంటే అంతకుముందే ఒకసారి ఇదే విషయంలో మాకు చిన్న చురక తగిలింది. రెండున్నరేళ్లకే అది ఇంగ్లీషులో వంద దాకా గడగడా అప్పజెప్పేది. వీడియో కాల్‌లో నానమ్మ మురిసిపోయి దిష్టి తీయమనేది. ఒకరోజు పళ్లెంలో ఆరు ఇడ్లీ ముక్కలు పెట్టి లెక్కపెట్టమన్నాను. ఒక్కొక్క దాని మీదా వేలు పెట్టి ఆరు దాకా చక్కగా లెక్కపెట్టింది. "అయితే ఎన్ని ఉన్నాయి?" అన్నాను. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. మళ్లీ అడిగాను, మళ్లీ లెక్కపెట్టింది. మూడోసారికి విసుగొచ్చి ఒక ముక్క నోట్లో వేసుకుంది.

చివర పలికిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందన్న సంగతి దానికింకా తెలియదు. అప్పటిదాకా అది చదివింది లెక్క కాదు, పద్యం. తర్వాత కొంచెం చదివితే అర్థమైంది, ఇది అందరు పిల్లలూ దాటే మెట్టేనని. రోషెల్ గెల్మన్, గాలిస్టల్ అనే ఇద్దరు పరిశోధకులు 1978లోనే లెక్కపెట్టడం వెనక ఐదు సూత్రాలున్నాయని రాశారు. ఒక్కో వస్తువుకి ఒక్కో అంకె, అంకెల వరస మారకపోవడం, చివరి అంకే మొత్తం కావడం, దేన్నయినా లెక్కపెట్టవచ్చని తెలియడం, ఎటునుంచి లెక్కపెట్టినా ఒకటే వస్తుందని తెలియడం. మనకు ఇవి ఎంత సహజమంటే, వీటిని నేర్చుకోవాల్సి ఉంటుందనే తట్టదు.

ఇంకో చురక మైనస్ రెండు తర్వాత వారమే. ఎనిమిది శనగల్ని ఒక వరసలో, ఇంకో ఎనిమిదింటిని దాని కింద సరిగ్గా అలాగే పేర్చాను. రెండూ సమానమేనంది. దాని కళ్ల ముందే కింది వరసని కొంచెం ఎడంగా జరిపాను. ఇప్పుడు ఏది ఎక్కువ? "కిందిది," అంది, ఏ అనుమానం లేకుండా. సున్నా కిందికి మెట్లు దిగిన మనిషే! పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన పియాజే ఎప్పుడో చేసి చూపించిన ప్రయోగమే ఇది. చాలామంది పిల్లలకి ఆరేడేళ్లకు గానీ ఇది నిలకడగా కుదరదట. నేను సరిదిద్దలేదు. మళ్లీ దగ్గరికి జరిపి, కొన్ని తినేసి ఊరుకున్నాం. ఒక పిల్ల బుర్రలో ఒక మూల ఏడేళ్లది, ఇంకో మూల మూడేళ్లది ఒకేసారి ఉంటాయని ఆ రోజు నాకు బోధపడింది.

మేం ఇంట్లో అంకెలు తెలుగులోనే చెప్పాలనుకున్నది లెక్కల కోసం కాదు, భాష పోకూడదని. కానీ లెక్కలకి అది ఇంతగా పనికొస్తుందని ఊహించలేదు. పదమూడులో పది వినబడుతుంది, మూడు వినబడుతుంది. థర్టీన్‌లో ఆ పది దాక్కుంటుంది, పైగా థర్టీకి చుట్టం లాగా ఉంటుంది. ఇలెవెన్, ట్వెల్వ్ గురించి చెప్పనే అక్కర్లేదు. మన పన్నెండు, పంతొమ్మిది కూడా కాస్త ముసుగేసుకున్నవే అనుకోండి. చైనీస్‌లో అయితే పది-ఒకటి, పది-రెండు అని సాఫీగా వెళ్లిపోతుంది. అయినా ఇంగ్లీషుతో పోలిస్తే మనం నయం. ఇరవై తొమ్మిది తర్వాత మా అమ్మాయి "ఇరవై పది, ఇరవై పదకొండు" అని సాగించేది. అవతల ఫోన్లో మా నాన్న "ముప్పై అనాలమ్మా" అని అందుకునేవారు. నాకు మాత్రం ఆ తప్పు ముద్దొచ్చేది. ఇరవై పది ముప్పై కాకపోతే మరేమిటి? తనంతట తాను కట్టుకున్న మాట అది. బట్టీ పట్టిన పిల్ల అలా తప్పు చెప్పలేదు.

మేం కాలక్షేపానికి ఆడినవాటిలో బాగా పండింది సరి-బేసి. ఇండియన్ స్టోర్‌లో కొన్న చింతపండులో గింజలు ఏరి కడిగి డబ్బాలో దాచాం. గుప్పిట్లో కొన్ని పట్టుకుని "సరా, బేసా?" అనడం, గుప్పిట విప్పి గింజల్ని జంటలు జంటలుగా పెట్టడం. ఒకటి ఒంటరిగా మిగిలితే బేసి. వారం పదిరోజులు ఇదే ఆట. ఒక సాయంత్రం దాని గుప్పిట్లో ఐదు, నా గుప్పిట్లో ఏడు. రెండూ బేసే. రెంటినీ కలిపితే ఏమవుతుందని అడిగాను. "పెద్ద బేసి," అంది. కలిపి జంటలు పెడుతూ పోయింది. చివర్లో నా ఒంటరి గింజ పక్కన దాని ఒంటరి గింజ చేరింది. చేతులు ఆగిపోయాయి. "నాన్నా, దీనికి ఫ్రెండ్ దొరికింది!" అంది. ఆ తర్వాత మూడు-తొమ్మిది, ఒకటి-ఒకటి, అన్నీ పెట్టి చూసింది. ఎప్పుడూ ఫ్రెండ్ దొరుకుతూనే ఉంది. బేసి బేసి కలిస్తే సరి అని నేను ఏడో క్లాసులో ఎక్స్‌లు వేసి రుజువు చేసినప్పుడు నాకు ఇంత స్పష్టంగా అర్థమవలేదు.

ఇక్కడ గుడ్ల అట్ట డబ్బాలో పన్నెండు గుంటలుంటాయి. చివరి రెండూ కత్తిరించేస్తే ఐదేసి గుంటలు రెండు వరసలు. ఏడు గింజలు వేస్తే ఇంకా మూడు ఖాళీ అని చూడగానే తెలుస్తుంది. పదిని పూరించే జంటలు అలా వచ్చేశాయి. దుకాణంలో దీనికి పద్దెనిమిది డాలర్ల ప్లాస్టిక్ వస్తువు అమ్ముతారు, కొననక్కర్లేదు. అంకెలు రాయించడం జోలికి మాత్రం మేం పోలేదు. వేళ్లకింకా బలం లేదు. ఎనిమిది రాయలేక ఏడిస్తే లెక్క మీద కోపం వస్తుంది. ఫ్రిజ్ మీద అయస్కాంతం అంకెలు సరిపోయాయి.

మధ్యలో ఒక లెక్కల ట్యూషన్ సెంటర్లో కూడా చేర్చాం, పదిమంది చెబితే కాదనలేక. వారానికి రెండు రోజులు, రోజూ ఇంటికి కాగితాల కట్ట. ఒకటి కలపడం ఒక వారం, రెండు కలపడం ఇంకో వారం. అన్నీ సరిగ్గానే చేసింది. కాకపోతే రెండో నెలకల్లా ప్రతి లెక్కకీ తలెత్తి "కరెక్టేనా?" అని నా మొహం చూడటం మొదలుపెట్టింది. చింతగింజల దగ్గర ఏనాడూ అలా అడగలేదు. జంట కుదిరిందో లేదో గింజలే చెబుతాయి కదా. మాన్పించేశాం. అది పడిన పిల్లలూ ఉంటారు, మాకు పడలేదు.

తర్వాత వచ్చింది అసలు పంచాయితీ. మా రాష్ట్రంలో కిండర్‌గార్టెన్‌కి, అంటే ఒకటో క్లాసుకి ముందు ఏడాదికి, ఆగస్టు 31 నాటికి ఐదేళ్లు నిండాలి. మా అమ్మాయిది నవంబరు. అయితే ఏప్రిల్ 16 నాటికి నాలుగు నిండి, బాగా ముందున్న పిల్లలని ప్రిన్సిపాల్ ఒప్పుకుంటే చేర్చుకునే వీలుంది. సైకాలజిస్టు దగ్గర ఐక్యూ పరీక్షలో 98వ పర్సంటైల్ (అంటే వందలో తొంభై ఎనిమిది మంది కంటే పైన) రావాలి, చదవడంలో గానీ లెక్కల్లో గానీ ఇంకో పరీక్షలో కూడా అంతే రావాలి, సిఫారసు ఉత్తరాలు, పరిశీలన, ఇంకా చాలా.

"చేర్పించరా, ఒక సంవత్సరం కలిసొస్తుంది," అన్నారు నాన్న. ఆయనకది వింతేం కాదు. నన్ను ఒకటో క్లాసులో వేసినప్పుడు హెడ్‌మాస్టరుగారు వయసు చాలదంటే, అక్కడికక్కడే జూన్ ఒకటిన పుట్టినట్టు రాయించారు. ఈ రోజుకీ నా పాస్‌పోర్టులో అదే. ఆఫీసులో ఏటా జూన్ ఒకటిన కేక్ కోస్తారు, నేను నవ్వుతూ నిలబడతాను. మా ఊళ్లో నా క్లాసులో సగం మందిది జూన్ ఒకటే.

కలిసొచ్చిన ఆ సంవత్సరం నాకేమైందని ఆలోచిస్తే, తొమ్మిదో క్లాసు దాకా ఆటల్లో చివరన ఎంచుకునేది నన్నే, అంతే గుర్తొచ్చింది. మా ఆవిడకి ఇంకో లెక్క ఉంది: అది ఇంకా లంచ్ డబ్బా మూత తీసుకోలేదు, నిద్ర చాలకపోతే నాలుగింటికి ఏడుస్తుంది. పైగా కిండర్‌గార్టెన్‌లో ఏడాది చివరికి నేర్పేది వంద దాకా ఒకట్లలోనూ పదుల్లోనూ లెక్కపెట్టడం. లెక్కల కోసం ముందు పంపితే అక్కడా అది వచ్చిన లెక్కలే చేస్తూ కూర్చుంటుంది. పరీక్షకి అప్లై చేయలేదు. నాన్న రెండు వారాలు ముభావంగా ఉన్నారు.

మే నెలలో అమ్మా నాన్నా వచ్చారు. సూట్‌కేసులో ఆవకాయ, కందిపొడి మధ్యన ధాన్యం కొలిచే ఇత్తడి గిద్ద, సోల, తవ్వ దిగాయి. నాన్న గుడివాడ దగ్గర రైస్ మిల్లులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేశారు. గరాజ్‌లో దుప్పటి పరిచి, సోనా మసూరి బస్తా విప్పి, మనవరాలిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. నాలుగు గిద్దలు పోస్తే సోల నిండింది. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. మా వైపు లెక్క ఇది. మానిక దగ్గర్నుంచి పాత్రలు లేవు కాబట్టి బియ్యం కుప్పలుగా పోశారు. కుంచం కుప్పకి పదహారు సోలలని అది పోసి పోసి తెలుసుకుంది. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. కంప్యూటర్లతో ఇరవై ఏళ్లుగా బతుకుతున్నవాణ్ణి, అక్కడ రోజూ చూసే ఈ రెట్టింపుల వరస మా ఇంటి ధాన్యం కొలతల్లో ఉందని నాకెప్పుడూ తట్టలేదు. అర సోల దగ్గర "రెండు గిద్దలు," అని అడక్కుండానే చెప్పింది. సగం అన్న మాటకి అర్థం చేతికి తెలిసిపోయింది దానికి.

"కుంచం తర్వాత ఏంటి తాతయ్యా?"

"నాలుగు కుంచాలు తూము. ఇరవై తూములు పుట్టి."

"పుట్టికి ఎన్ని సోలలు?"

నేను జేబులోంచి ఫోన్ తీశాను. నేను కాలిక్యులేటర్ వెతుక్కునేలోపు నాన్న పైకప్పు వైపు ఒకసారి చూసి, "పన్నెండు వందల ఎనభై," అన్నారు.

అది బస్తా వంక చూసింది, గరాజ్ తలుపు వంక చూసింది, కారు వంక చూసింది.

"నాన్నా, కారు బయట పెడితే పడతాయా?"