స్ప్రే కొట్టే ముందు గాలి చూడండి

ఆషాఢం కదా, హనుమకొండలో పెళ్లి మేకప్‌లు లేవు. పార్లర్ చెల్లెలికి అప్పజెప్పి ఒక హోటల్‌కు వెళ్లాను. రిసెప్షన్, బాంక్వెట్ అమ్మాయిలకు మేకప్ నేర్పమని అడిగారు.

వాళ్లు తయారయ్యే గది చూశాక ముందు మాట్లాడాల్సింది స్ప్రేల గురించే అనిపించింది. కిటికీ లేని చిన్న గది, ఒక స్ప్లిట్ ఏసీ. షిఫ్టు మారే వేళ నలుగురైదుగురు ఒకేసారి, మేకప్ చెదరకుండా ఉంచే సెట్టింగ్ స్ప్రే కొట్టుకుంటున్నారు. ఒకమ్మాయి దగ్గుతూనే ఉంది. అడిగితే, "చిన్నప్పటి నుంచి దమ్ము ఉంది మేడం, ఇన్‌హేలర్ బ్యాగులనే ఉంటది" అంది. స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది, బయటి గాలిని తేదు. మా పార్లర్లలోనూ అంతే, కస్టమర్ ఆ స్ప్రే పొగమంచును ఒక్కసారి పీలుస్తుంది. మేకప్ చేసే పిల్ల రోజంతా పీలుస్తుంది. నాకు బాధ కలిగించేది ఇదే, ఆ పిల్ల గురించి ఎవరూ అడగరు.

చాలా సెట్టింగ్ స్ప్రేలలో ఆల్కహాల్ ఉంటుంది. అది ఆరిపోయాక పాలిమర్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థం పలుచటి పొరలా ముఖం మీద మిగిలి మేకప్‌ను పట్టి ఉంచుతుంది. అందుకే కళ్లు, నోరు మూసుకుని, ఊపిరి బిగబట్టి, 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టాలి. పూర్తిగా ఆరాకే కళ్లు తెరవాలి. దమ్ము ఉన్న అమ్మాయి ఉన్నప్పుడు ఆ గదిలో అసలు కొట్టవద్దనే చెప్పాను.

ఇంకో అమ్మాయి కళ్లద్దాలు చూపించింది. "బఫే కాడ మూత తీస్తే ఆవిరికి ఏం కనబడతలేదు మేడం. అద్దాలకు కొట్టే యాంటీ ఫాగ్ స్ప్రే ముఖానికి కూడా కొట్టుకోవచ్చా?" వద్దే వద్దన్నాను. అది గాజు కోసం చేసింది, చర్మం కోసం కాదు. 2022లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు అద్దాల యాంటీ ఫాగ్ స్ప్రేలను, తుడిచే గుడ్డలను పరీక్షిస్తే, వాటిలో ఫ్లోరిన్ ఉన్న రసాయనాలు బయటపడ్డాయి. మేకప్ స్ప్రేను అద్దాల మీద కొట్టినా లాభం లేదు, ఆ పాలిమర్ పొర మరకై కూర్చుంటుంది. అద్దాలను కొంచెం సబ్బునీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో ఆరబెట్టుకుంటే చాలు. పైన మిగిలే సబ్బు పొర వల్ల నీరు బొట్లు బొట్లుగా నిలవకుండా పలుచగా పరుచుకుంటుంది.

బఫే అనగానే నాకు భయం వేసింది. గిన్నెల కింద జెల్ మంట వెలుగుతూ ఉంటుంది. డ్యూటీలో టచప్ అంటూ అక్కడే స్ప్రే తీసేవాళ్లు ఉన్నారట. ఆల్కహాల్, డబ్బాలో నింపే బ్యూటేన్, ప్రొపేన్ గ్యాసు, రెండూ అంటుకునేవే. పెళ్లిలో హోమం దగ్గర కూర్చునే పిల్లకూ అంతే. స్ప్రే ముందే కొట్టి, ఆరనిచ్చి, ఆ తర్వాతే మండపానికి పంపాలి. డబ్బాల మీద 50 డిగ్రీలు దాటనివ్వవద్దని రాసి ఉంటుంది. మన ఎండల్లో, ఆపిన కారులో, ఆ వేడి రావడం ఎంతసేపు?

పెద్ద డబ్బా నుంచి పేరు లేని సీసాలోకి పోసుకోవడం మా పార్లర్లలో మామూలే. ఇది మానాలి. పేరు, బ్యాచ్ నంబర్, తేదీ లేని సీసాలోని స్ప్రే ఎవరి ముఖం మీదా కొట్టకూడదు, ముఖం మండితే డాక్టర్‌కు ఏం చూపిస్తాం?

ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టిస్తామని మేనేజర్ గారు ఒప్పుకున్నారు. అది వచ్చేదాకా తలుపు తీసి, ఒకరి తర్వాత ఒకరే కొట్టుకోవాలని అమ్మాయిలకు చెప్పి వచ్చాను. శ్రావణంలో ట్రయల్‌కు వచ్చే పెళ్లికూతుళ్లకు చెవి వెనక కొద్దిగా స్ప్రే కొట్టి, మరుసటి రోజు ఎర్రబడిందేమో ఫోన్ చేసి అడగమని చెల్లెలికి చెప్పాను. దమ్ము ఉందా అనే ప్రశ్న కూడా బుకింగ్ పుస్తకంలో రాయించాను.